రేడియో బాబాయి మౌనవ్రతం

రేడియో బాబాయి నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వుగింజేం ఖర్మ, మంచినీళ్ళు కూడా నిలవవని వాళ్ళ వదినగారి అభిప్రాయం. పొద్దున ఒక మాట ఆయన చెవిన పడిందంటే, సాయంత్రానికల్లా వీధి చివర మందుల షాపువాడు దాన్నే తిరిగి ఆయనకి చెప్పేవాడు. బాబాయి కూడా "అలాగా!" అని కొత్తగా ఆశ్చర్యపోయేవాడు.

పరాయి దేశం వచ్చాం, భాష రాదు, ఇక్కడైనా కాస్త తగ్గుతాడని ఇంట్లోవాళ్ళు ఆశపడ్డారు. ఏం తగ్గుతాడు! వచ్చిన నెల తిరక్కుండానే చేతులతో, కళ్ళతో, భుజాలతో వార్తలు చదవడం మొదలెట్టాడు. అన్నగారి లాండ్రీలో ఇస్త్రీ బల్ల ఆయనది. జనం ముందుగా ఆ బల్ల దగ్గరికెళ్ళి వీధి సంగతులు కనుక్కుని, ఆనక చొక్కాలు తీసుకునేవారు. అన్నగారు మొదటిసారి జుట్టుకి రంగేసుకున్న రోజున, రంగు ఆరకముందే కస్టమర్లు వరసగా వచ్చి అభినందించి వెళ్ళారు.

"ఒరేయ్, కడుపులో ఒక్క మాట దాచుకోలేవురా?"

"కడుపు అన్నానికే చాలడం లేదన్నయ్యా, మాటలకి చోటెక్కడ?"

అలాంటి బాబాయిని ఏరికోరి ఎంచుకుంది అన్నగారి బిడ్డ. అందరి లెక్కలో ఆ బిడ్డ మగపిల్లాడు, వంశానికి ఒక్కగానొక్క కొడుకు. తను ఆడపిల్లనని ఆమెకి మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా నాన్న అడ్డుపడి, "చదువైపోయిందిగా, ఇక నువ్వు కొట్లో కూర్చో, ఎలా వెలుగుతుందో చూడు" అనేవాడు. ఇప్పుడేమో కొత్త బోర్డు రాయిస్తున్నాడు, పాత పేరు పక్కన పెద్ద అక్షరాలతో "అండ్ సన్" అని. ఆదివారం ఎక్కిస్తాడట. అదొక్కసారి గోడకెక్కిందంటే తన నోరు మరి పెగలదని ఆమె భయం.

అందుకే ఉపాయం పన్నింది. తను చెప్పడం దేనికి, బాబాయి చెవిన వేస్తే చాలదా? సోమవారం ఇస్త్రీ బల్ల దగ్గరికెళ్ళి, "బాబాయ్, నేను అబ్బాయిని కాదు. అమ్మాయిని. ఎవరితోనూ అనకేం" అంది. ఆ చివరి మాట వింటే బాబాయికి కాళ్ళు నిలవవని ఇంటిల్లిపాదికీ తెలుసు.

బాబాయి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆమె మొహంకేసి చూశాడు.

"ఎన్నాళ్ళబట్టీ?"

"ఎప్పట్నుంచో."

"ఇదంతా ఒక్కదానివే మోస్తున్నావా?" అని, మళ్ళీ చొక్కా అందుకున్నాడు.

ఆమె మేడమీదికెళ్ళి తుఫాను కోసం కూర్చుంది. సాయంత్రమైంది. అమ్మ తలుపు తట్టి "అన్నం పెట్టనా?" అంది, అంతే. మర్నాడు మందుల షాపువాడు మామూలుగానే నవ్వాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగి ఒక్క మాట దాచని మనిషి, దాచక దాచక దీన్నే దాచాలా!

బాబాయి అవస్థ చెప్పనలవి కాదు. నోరు తెరిస్తే ఎక్కడ జారుతుందోనని అసలు తెరవడమే మానేశాడు. ఎవరు పలకరించినా పెదాలు బిగించి తలూపడమే. కస్టమర్లు కంగారుపడ్డారు. వదినగారు గొంతులోకి టార్చిలైటు వేసి చూసి, "పుండేమీ లేదు. అయినా మాట్లాడటం లేదంటే లోపల పెద్ద రోగమే" అని దిగులుపడింది.

శనివారం బోర్డు వచ్చింది. ఇక ఆగలేక ఆమె బాబాయిని బట్టల మూటల వెనక్కి లాక్కెళ్ళింది.

"ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"నువ్వే కదమ్మా వద్దన్నావ్!"

"ఎప్పుడు విన్నావని ఇప్పుడు విన్నావ్? నువ్వు చెప్పేస్తావనేగా నీకు చెప్పింది!"

బాబాయి నోరెళ్ళబెట్టాడు. "ఎంత పని చేశావే తల్లీ! చెప్పకుండా ఉండలేక అన్నం సయించక చస్తున్నానే!" గొంతు తగ్గించాడు. "ఊళ్ళో సంగతులు ఎవరు చెప్పినా ఒకటే. ఇది నీ బతుకు. నేనంటే జనం నవ్వుకుంటారు. నిన్ను చూసి నవ్వితే నేను ఊరుకోలేను. పద, నువ్వే చెప్పు. నీ వెనకాల నేనుంటా."

వెళ్ళి అమ్మానాన్నలకి చెప్పింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న నవ్వేశాడు. "వేళాకోళమా? ఎవడో ఎక్కించి ఉంటాడు, అదే సర్దుకుంటుంది. ఆ మేకులు ఇలా అందుకో, రేపటికి అన్నీ సిద్ధం చెయ్యాలి."

"వేళాకోళం కాదన్నయ్యా" అన్నాడు బాబాయి.

"నీకు తెలుసా?"

"సోమవారం నుంచీ."

"ఎవరెవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలేదు."

"మీ వదినకి?"

"ఊహూ."

"ఆ మందుల షాపువాడికి?"

"లేదన్నయ్యా."

నాన్న చేతిలో సుత్తి కింద పెట్టి బట్టల మూట మీద కూలబడ్డాడు. తమ్ముణ్ణీ బిడ్డనీ మార్చి మార్చి చూశాడు. "వీడు దాచాడా? వారం రోజులు? అయితే ఇది నిజమే" అన్నాడు. తర్వాత బిడ్డవైపు తిరిగాడు. "నాకేం అర్థం కావడం లేదమ్మా. అర్థమయ్యేదాకా చెబుతూ ఉండు, విసుక్కోకు." బోర్డు మళ్ళీ రాయించాలని గొణుక్కున్నాడు. అమ్మ ఏడ్చి, ముక్కు చీది, బిడ్డని దగ్గరికి లాక్కుంది. తర్వాత మరిదిమీద పడింది. "ఇదా నీ రోగం! నేను దిష్టి కూడా తీశాను కదయ్యా!"

బాబాయి గుమ్మంలో కాళ్ళు మారుస్తూ నిలబడ్డాడు. మొహం కందిపోయింది.

"అమ్మాయ్" అన్నాడు బతిమాలుతూ, "ఇప్పుడు చెప్పొచ్చా?"

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. "చెప్పు బాబాయ్."

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిన పడ్డాడు. మందుల షాపు గుమ్మంలోంచి వచ్చీరాని భాషలో ఆయన కేక లాండ్రీదాకా వినిపించింది.

"మా అన్నయ్యకి ఆడపిల్లండీ! అవునవును, చదువు కూడా అయిపోయింది!"