సంగవ్వ కాలు, సంగవ్వ నడుము

సంగవ్వ ఎదురుకాళ్ళతో పుట్టింది. తల రావలసిన చోట పాదాలు వచ్చాయి. తల్లీ బిడ్డా బతికారు. ఆ రోజు నుంచే ఆ పాదాలు ఊరందరివీ అయ్యాయి.

బిలోలి తాలూకాలో మాంజరా ఒడ్డున ఆ ఊరు. నడుము పట్టేసినవాళ్ళు ఆదివారం పొద్దున ఆమె గడప ముందు బోర్లా పడుకుంటారు. సంగవ్వ ఎడమకాలిని వాళ్ళ నడుము మీద మూడుసార్లు ఆనిస్తుంది. మూడోసారి కొంచెం గట్టిగా తంతుంది. లేచినవాళ్ళు వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. ఆమె ఏమీ తీసుకోదు. ఆ పూట వాళ్ళింటి చాయ్ కూడా తాగదు.

కట్టు ఒక్కటే. మూడు దినాలు "తగ్గింది" అనకూడదు. పెళ్ళాం అడిగినా, చేనులో పక్కవాడు అడిగినా, "ఎట్లున్నదో అట్లనే ఉన్నది" అనాలి.

"నొప్పికి చెవులుంటయి," అనేది సంగవ్వ. "పోయిందని నువ్వు మురిస్తే అది ఇంటది. మర్లి అస్తది."

ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి ఒక ముసలాయన నడుము తొక్కింది. ఇప్పుడు ఆమెకు యాభై మూడు. ఈ మధ్యలో ఎన్ని నడుములో ఆమెకు లెక్కలేదు.

కాలు ఊరిది. చేతిలో కొడవలి మాత్రం ఆమెది. సెంటు భూమి లేని ఇల్లు. సోయా కోతలకు ఇరవై మంది ఆడవాళ్ళ గుంపును తీసుకుపోయేది ఆమే. గుత్త మాట్లాడేది ఆమే. అందరూ ముకద్దం అంటారు. చేనులో మొదటి సాలు ముకద్దానిది. ఆమె కొడవలి ఎంత వేగంగా కదిలితే గుంపు అంత వేగంగా కదులుతుంది.

నాలుగేళ్ళ కిందట నొప్పి మొదలైంది. నడుము కింది భాగంలో, వెన్నుకు రెండు పక్కలా. వంగినప్పుడు ఊరుకునేది. నిటారుగా లేవబోతే పట్టుకునేది. సంగవ్వ దాన్ని సాళ్ళతో కొలిచింది. మొదటి ఏడాది పది సాళ్ళకు నొచ్చింది. తర్వాత ఆరు. నిరుడు మూడు సాళ్ళకే నడుము ఎత్తలేక, కొడవలి పక్కన పెట్టి, చేనులోనే వెల్లకిలా పడుకుంది.

గుంపులో యమునాబాయి అని ఒకతె. నోరు ఆగదు.

"నీ కాలు నీ నడుముకు అందదా, సంగవ్వా?"

అందరూ నవ్వారు. సంగవ్వ కూడా నవ్వింది, పడుకునే. "అందితే ముందుగాల నీ నోటినే తందును."

కానీ ఆ సాయంత్రం చేను ఆసామి నందకిషోర్ పటేలు మొదటి సాలు యమునాబాయికి ఇచ్చాడు. "ఇగ ఇంట్ల కూసో సంగవ్వా, శాన చేసినవ్," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే ఆమెకు తగిలింది.

కొడుకు మారోతి కూడా ఆ మాటే అన్నాడు. ట్రాక్టరు నడుపుతాడు, తల్లిని పోషించగలడు. "కూసోరాదే అవ్వా."

"కూసుంటే నొస్తది. పండుకుంటే నొస్తది. నొచ్చేదేదో పనిల నొవ్వనీ."

మాత్రలు మింగింది. బెల్టు కట్టింది. నడుము మీద రెండు వాతలు ముందే ఉన్నాయి, నొప్పి మొదలైన ఏడాది, అత్త బతికున్నప్పుడు పెట్టించినవి. వానాకాలం మధ్యలో కోడలు ప్రగతి బిలోలి దవాఖానలో ఒక మాట విని వచ్చింది. నాందేడ్‌లో ఒక డాక్టరమ్మ నడుములో కోత లేకుండా, సూదితో నరానికి మందు చేస్తుందట.

"పోదాం," అంది సంగవ్వ.

"నీకు సూదా? ఊరేమంటది?" అన్నాడు మారోతి.

"ఊరి నడుమైతే ఊరిని అడుగుదును."

*

డాక్టరమ్మ పేరు ప్రాజక్త. నలభై లోపు మనిషి. మరాఠీలో మాట్లాడింది, పిన్నిని పిలిచినట్టు సంగవ్వను మావశీ అంది. సంగవ్వకు మరాఠీ చేను మాటంత సులువు.

డాక్టరమ్మ ఆమెను వంచింది, వెనక్కి వాల్చింది, బొటనవేలితో నొక్కింది. తీయించిన ఫోటోలు చూసింది. తర్వాత బల్ల మీది ప్లాస్టిక్ వెన్నెముకను చేతిలోకి తీసుకుంది.

"వెన్నుపూసల వెనక ఈ చిన్న కీళ్ళు చూడండి. మీవి అరిగాయి. ఈ కీళ్ళ నొప్పిని మోసుకుపోయే నరాలు ఉంటాయి, చాలా సన్నవి. సూదిని ఆ నరం పక్కకు పంపి, కొన వేడి చేస్తాం. నొప్పి వెళ్ళే దారి మూసుకుపోతుంది. కుట్లు ఉండవు. సాయంత్రానికి ఇంటికి వెళ్ళొచ్చు."

సంగవ్వ వాతలు చూపించింది. "మా అత్త పైన కాల్పించింది. నువ్వు లోపల కాలుస్తవా?"

డాక్టరమ్మ నవ్వింది. "అవును. కానీ ఎక్కడ కాలుస్తున్నానో ఫోటోలో చూస్తూ కాలుస్తాను."

"మర్లి రాదు గద?"

"రావచ్చు. కొందరికి ఆరు నెలలు, కొందరికి ఏడాది, ఇంకా ఎక్కువ. నరం మళ్ళీ పెరుగుతుంది. అప్పుడు మళ్ళీ చేయొచ్చు. కొందరికి అసలు పనిచేయదు."

ఇంత నేరుగా మాట్లాడే మనిషిని సంగవ్వ చాలా రోజులకు చూసింది.

"ముందు ఒక పరీక్ష," అంది డాక్టరమ్మ. "అదే చోట మొద్దుబార్చే మందు వేస్తాను. కొన్ని గంటలే ఉంటుంది. ఆ గంటల్లో మీ నొప్పి సగానికి పైగా తగ్గితే నొప్పి ఆ కీళ్ళదే అనుకోవచ్చు. తగ్గకపోతే వేడి సూది దండగ. ఈ సంగతి ఏ యంత్రమూ చెప్పదు మావశీ. మీరే చెప్పాలి."

సూది పడింది. సంగవ్వ బయటికి వచ్చింది. వరండాలో మెల్లగా వంగింది, లేచింది. మళ్ళీ వంగింది, లేచింది. పట్టుకునేది పట్టుకోలేదు. ఊడ్చే ఆమె చీపురు గోడకు ఆనించి నీళ్ళకు పోయింది. సంగవ్వ ఆ చీపురు తీసుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకు ఊడ్చింది. నాలుగేళ్ళ తర్వాత నడుము ఆమె చెప్పినట్టు విన్నది.

రెండు గంటలకు డాక్టరమ్మ పిలిచింది.

"ఎలా ఉంది మావశీ?"

సంగవ్వ నోరు దానంతట అదే మూసుకుంది. నలభై అయిదేళ్ళుగా పదిమందికీ చెప్పిన కట్టు.

"ఎట్లున్నదో అట్లనే ఉన్నది."

"కొంచెం కూడా తగ్గలేదా? పదిలో రెండు? మూడు?"

"అట్లనే ఉన్నది."

మూడోసారి అడిగింది డాక్టరమ్మ. మూడోసారీ అదే జవాబు. కాగితం మీద రాసి, బాధగానే చెప్పింది. "అయితే ఈ వైద్యం మీకు పనికిరాదు."

బిలోలి బస్సు దొరికింది. ఇద్దరికీ సీట్లు దొరికాయి. చంటిబిడ్డతో ఒకామె ఎక్కితే సంగవ్వ లేచి చోటిచ్చింది. నాయ్‌గావ్ దాకా నిలబడే ఉంది. ప్రగతి ఆమెను కింది నుంచి పైకి చూసింది.

"అత్తమ్మా, తగ్గింది గదా?"

సంగవ్వ కిటికీలోంచి చూసింది.

"తగ్గింది. తగ్గి, ఆమెకు చెప్పలే. అంతే గదా?"

"మూడు దినాలు ఆగు."

"మూడు దినాలా! అది మూడు గంటల మందే, అత్తమ్మా!"

కండక్టరు తిరిగి చూశాడు. ప్రగతి తలకొట్టుకుంది. నర్సీ దగ్గర బస్సు ఒక గుంతలో పడింది. నడుము పట్టుకుంది. పాత చోటే, పాత పట్టే.

"నోరిప్పలె నేను," అంది సంగవ్వ మెల్లగా. కోడలితో కాదు, నొప్పితో. "అయినా అచ్చినవ్ గదే, దొంగముండా."

*

మర్నాడు పొద్దున ఆమె భీమ్‌రావు ఇంటికి పోయింది. డెబ్బై దాటిన మనిషి. ఆమె కాలి కింద ఏడు ఆదివారాలు పడుకున్నవాడు.

"మామా, నిజం చెప్పు. నేను తొక్కితే తగ్గిందా?"

భీమ్‌రావు అటూ ఇటూ చూశాడు. "చెప్పద్దంటివి గదనే."

"ఇప్పుడు చెప్పు."

"ఒక్కసారి తగ్గింది. కడుమసార్లు తగ్గలె."

"మరి చెప్పవేంది?"

"మూడు దినాలు నువ్వు చెప్పద్దంటివి. నాలుగోనాడు ఎవ్వడూ అడగకపాయె."

సంగవ్వ అరుగు మీద కూర్చుంది. ఊరి నోళ్ళన్నీ తానే కట్టింది. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. తనకూ తెలియదు. చాలాసేపు తన ఎడమకాలి వైపు చూసింది. మడమ పగిలిన మామూలు కాలు.

ఇంటికి వచ్చి, మళ్ళీ నాందేడ్ పోతానంది. మారోతికి కోపం వచ్చింది.

"డాక్టరమ్మ కాదన్నంక ఏం మొకం పెట్టుకొని పోతవే?"

"అబద్ధమాడిన మొకమే పెట్టుకొని పోత."

"ఇంక జెర ఆగు. కోతలు అయినంక చూద్దాం."

"కోతల కోసమే పోవుడు. నిరుడు నా సాలు తీస్కున్నరు. ఈసారి తీస్కోనియ్య."

అత్తాకోడళ్ళు మర్నాడు పొద్దుటి బస్సు ఎక్కారు.

డాక్టరమ్మ అంతా విన్నది. మొదట నమ్మలేదు. "అప్పుడు తగ్గలేదన్నారు, ఇప్పుడు తగ్గిందంటున్నారు. ఏది నిజం?"

సంగవ్వ పాదం ముందుకు పెట్టింది. ఎదురుకాళ్ళ సంగతి చెప్పింది, మూడు దినాల కట్టు చెప్పింది. మరాఠీలో అలాంటి మనిషిని పాయాళూ అంటారు. ఆ మాట వినగానే డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"మా అమ్మమ్మ నడుమును కూడా ఒక పాయాళూ తొక్కింది."

"తగ్గిందా?"

"ఏమో. ఆమె ఎప్పుడూ చెప్పలేదు."

డాక్టరమ్మ మళ్ళీ కలం అందుకుంది. "మీ మాట మీద వేడి సూది వేయలేను. పరీక్ష మళ్ళీ చేస్తాను. ఈసారి నాకు నిజం కావాలి. తగ్గితే తగ్గినంత. తగ్గకపోతే తగ్గలేదని. నన్ను సంతోషపెట్టడానికి కూడా అబద్ధం వద్దు."

మళ్ళీ సూది. మళ్ళీ వరండా. ఈసారి చీపురుతో పాటు నీళ్ళ బకెట్టు కూడా మోసింది. డాక్టరమ్మ హాలులోకే వచ్చి అడిగింది. బెంచీల నిండా మనుషులు, సగం మంది రాష్ట్రం ఎల్ల దగ్గరి తెలుగు మాట్లాడే ఊళ్ళవాళ్ళే.

సంగవ్వ బకెట్టు కింద పెట్టింది.

"తగ్గింది," అంది. ముందు మరాఠీలో, మళ్ళీ తెలుగులో. "పదిట్ల ఎనిమిది తగ్గింది. కుడిపక్క జెర ఉన్నది."

దెగ్లూర్ దిక్కు ముసలామె ఒకతె చెవులు మూసుకుంది. "గట్టిగ అనకు బిడ్డా, ఇంటది."

"ఇననీ. దానికి చెప్పనీకే అంటున్న."

వేడి సూది పది రోజుల తర్వాత. ఆమె బల్ల మీద బోర్లా పడుకుంది. గడప ముందు జనం పడుకున్నట్టే. నడుము పైన ఎవరో నిలబడితే ఎట్లుంటుందో మొదటిసారి తెలిసింది. భయంగానే ఉంటుంది. సూది దిగాక డాక్టరమ్మ అడుగడుగుకూ అడిగింది. ఇక్కడా, మీ నొప్పి ఇదేనా, కాలిలోకి ఏమైనా పాకిందా. సంగవ్వ ప్రతిదానికీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వేడి మొదలయ్యాక లోపల ఒక బరువైన మంట. పళ్ళు బిగబట్టింది. అయిపోయింది. చర్మం మీద చిన్న చిన్న చుక్కలు మిగిలాయి, వాతల పక్కన.

రెండు వారాలు నడుము పుండులా సలిపింది. "ఇదేనా మందు?" అన్నాడు మారోతి. "ఇప్పటికైతే తగ్గలె," అని సంగవ్వ ఊరంతా చెప్పింది, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ. మూడో వారంలో ఒక పొద్దున లేచి, గోడ పట్టుకోకుండా నిలబడింది. అది కూడా చెప్పింది.

ఆ ఆదివారం గడప ముందు భీమ్‌రావు పడుకున్నాడు.

"సూది పొడిపిచ్చుకున్న కాలు పనిచేస్తదో లేదో చూద్దామని అచ్చిన."

"సూది నడుముకు మామా, కాలుకు కాదు."

మూడుసార్లు తొక్కింది. "ఎట్లున్నది?"

భీమ్‌రావు నోరు తెరిచి, అలవాటుగా మూసుకున్నాడు.

"ఇయ్యాల్నే చెప్పాలె. కట్టు మారింది."

అతను లేచి నిలబడ్డాడు. వంగి చూశాడు. "తగ్గలె," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

"మరి ఏడు ఆదివారాలు నన్నెందుకు సతాయించినవ్? సోమవారం నాందేడ్ పోదాం. చెప్పులు ఏస్కొని రా."

*

దసరా దాటింది. సోయా ఎండి గలగలమంటోంది. నందకిషోర్ పటేలు చేను గట్టు మీద నిలబడి ఉన్నాడు. యమునాబాయి మొదటి సాలులో కొంగు బిగిస్తోంది. సంగవ్వ కొడవలితో వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"నిన్నెవరు పిలిచిన్రు సంగవ్వా?" అన్నాడు పటేలు.

"నిరుడు కూసోమన్నవ్, కూసున్న. ఇప్పుడు లేచిన. సాలు ఇడువు, యమునా."

యమునాబాయి పటేలు వైపు చూసింది. తర్వాత గుంపు వైపు చూసింది. ఆడవాళ్ళు ఎవరూ కదలలేదు, సంగవ్వ కొడవలి కదలాలని చూస్తున్నారు. యమునాబాయి రెండో సాలుకు జరిగింది.

"మూడు సాళ్ళు చూస్త," అంది. "పడుకుంటే మల్ల నాదే."

"నాది కాకపోతే నీదే."

మూడు సాళ్ళు అయ్యాయి. నాలుగు. ఆరో సాలు చివర పటేలు గట్టు దిగి చేను ఆ చివరకు వెళ్ళిపోయాడు. ఏడో సాలు చివర సంగవ్వ నడుము ఎత్తింది, ఒక చేయి వెనక్కి పోయింది.

యమునాబాయి చూసింది. ఈసారి నవ్వలేదు. దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "నొస్తుందా, వదినే? చెప్పకులే. పటేలు ఇంటడు."

సంగవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. చేను ఆ చివరకు వినపడేలా అంది.

"జెర నొస్తున్నది. కుడిపక్క."

వంగి ఎనిమిదో సాలు పట్టింది.