వాటం తప్పిన మూల

మా వంటింటి నేలను ఎవరైనా మెచ్చుకుంటే నేను పొయ్యి వైపు తిరుగుతాను. కూర అడుగంటుతుందేమో అన్నట్టు గరిటె తిప్పుతాను. కొన్నేళ్లుగా ఇదే అలవాటు. సిగ్గుపడుతున్నానని అనుకుంటారు. సిగ్గు కాదు. ఆ నేల వేసినప్పుడు నేను ఒక తప్పు చేశాను. ఆ తప్పు వేరే మనిషి మీద పడింది. పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఈ బరువు నాకొక్కదానికే తెలుసు. మీరు నన్నెరుగరు, నేను మిమ్మల్నెరుగను. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

మాది కొల్లాపూర్ దగ్గర ఊరు. ఉమ్మడి ఇల్లు. అత్తమ్మ, బావ, ఆయన భార్య (నేను అక్క అని పిలుస్తాను), నా భర్త, నేను, రెండు జంటల పిల్లలు. పొద్దున బడికి డబ్బాలు, చేనికి సద్ది, సాయంత్రం వచ్చేపోయేవాళ్లకు చాయ్. ఇన్నింటికీ వంటిల్లు ఒక్కటే. దాని నేల పాత బండలు. సందుల్లో సిమెంటు ఊడిపోయి, ఎంత ఊడ్చినా చీమలు పోయేవి కావు. ఒకసారి అక్క కాలు ఆ సందులో తట్టుకుని బొటనవేలి గోరు లేచిపోయింది.

మేస్త్రీని పిలిస్తే రేపు, మాపు అన్నాడు. ఆఖరికి పని కోసం హైదరాబాద్ వెళ్లిపోయాడు. అప్పుడు నేనే వేస్తానన్నాను. అందరూ నవ్వారు. మా పుట్టింటి దగ్గర గుడిలో టైల్స్ వేస్తుంటే పొద్దస్తమానం కూర్చుని చూసినదాన్ని. మిగతాది ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. వనపర్తిలో ఒక దుకాణంలో అమ్ముడుపోక మిగిలిన టైల్స్ చవకగా దొరికాయి. అన్నీ ఒక రంగు కావు. కొన్ని పసుపు, కొన్ని గోధుమ. కలిపి వేస్తే అదీ ఒక అందమే అనుకున్నాను.

పొయ్యి వరండాలోకి మార్చాం. సగం నేల వేసి, అది గట్టిపడ్డాక మిగతా సగం. అక్క సిమెంటు కలిపి అందించేది. కాలు ఎప్పుడు పెట్టొచ్చని పిల్లలు గడప బయట నుంచి అడుగుతూనే ఉండేవారు. అంతా అయ్యాక బావ వచ్చి, ఒక టైలును వేలి కణుపుతో తట్టి చూశాడు. "గట్టిగనే ఉన్నది. నీ ముంగట మేస్త్రీలు ఏం పనికొస్తరు" అన్నాడు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చాక ఆయన నోటి నుంచి నాకు దక్కిన మొదటి మెప్పు అది. పక్క చేలవాళ్లను కూడా పిలుచుకొచ్చి చూపించాడు.

మొదటిసారి నేల కడిగిన రోజు నేనొక్కదాన్నే ఉన్నాను. నీళ్లు బయటికి పోయే మోరీ వైపు పోవాలి. పోలేదు. సగానికి సగం ఎదురు మూలకు, సామాను గది గోడ వైపు మళ్లాయి. అక్కడ నిలిచి, కాసేపటికి గోడ అంచున సందులోకి ఇంకిపోయాయి. వాటం తప్పింది. రెండో సగం వేసేటప్పుడు టైల్స్ సమంగా ఉన్నాయా లేదా అనే చూశాను తప్ప, మోరీ వైపు కొంచెం దిగాలన్న సంగతి మరిచిపోయాను. చెప్పి ఉంటే ఏమయ్యేది? నాలుగైదు టైల్స్ తీసి మళ్లీ వేయాల్సి వచ్చేది. అంతే. కానీ నేల చూడడానికి మనుషులు ఇంకా వస్తూనే ఉన్నారు. బియ్యం డ్రమ్మును జరిపి ఆ మూలలో పెట్టాను.

అది రాయీ మట్టీ పెట్టి కట్టిన పాత గోడ. అవతల సామాను గదిలో దానికి ఆనించి విత్తనం పల్లి బస్తాలు ఉన్నాయి.

ఆ పల్లి ఇచ్చింది తిరుపతయ్య. బావకు చిన్ననాటి స్నేహితుడు. అచ్చంపేట అవతల, అడవి అంచున ఉండే ఊరు ఆయనది. విత్తనానికి కాయలు ఏరి, ఎండబెట్టి ఇవ్వడంలో చుట్టుపక్కల ఆయనకు పేరు. బడి రోజుల్లో హాస్టల్లో బావా, ఆయనా ఒకే కంచంలో తినేవారట. నేల వేయడానికి ముందు, ఆ ఎండాకాలంలోనే, ఆయన బస్తాలు స్వయంగా తెచ్చి దించాడు. నేను అన్నం వడ్డించాను. తిని చేయి కడుక్కున్నాక, పిల్లలకు వేయించి పెట్టమని ఒక బస్తా విప్పి దోసెడు కాయలు నా చేతుల్లో పోశాడు. ఊపితే లోపల గింజ గలగలమంది. అంత బాగా ఎండిన కాయ. వొలిచింది నేనే, వేయించింది నేనే.

వానలు మొదలయ్యాయి. అక్క రోజూ వంటిల్లు కడిగేది. తడిగుడ్డతో తుడుద్దామని నేనంటే, "గింత మంచి నేలను కడగకుంటె ఎట్ల?" అనేది. నీళ్లు డ్రమ్ము కిందికి పోయేవి. కనబడేవి కావు. ఒకరోజు తట్ట కోసం సామాను గదిలోకి వెళ్లాను. చేయి బస్తాకు తగిలింది. చల్లగా ఉంది. ముక్కిన వాసన వచ్చింది. వంగి చూస్తే గోడ అడుగున తడి మరక. పైకప్పు మాత్రం పొడిగానే ఉంది. వానాకాలం కదా, అన్నీ ఇట్లాగే ఉంటాయి అనుకున్నాను. అనుకున్నానా, అలా అనుకుందామని నిర్ణయించుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. బస్తాలు జరపమంటే బావ ఎందుకని అడుగుతాడు, వచ్చి చూస్తాడు, గోడ చూస్తాడు, ఇటు వచ్చి డ్రమ్ము జరుపుతాడు. ఇదంతా నా కళ్ల ముందు వరుసగా కదిలింది. తట్ట తీసుకుని, తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.

వానలు తగ్గాక విత్తనాలు వేశారు. వొలిచినప్పుడు కొన్ని గింజలు నల్లగా ఉంటే ఏరి పారేశారు. మిగతావి విత్తితే సగం చేను కూడా మొలవలేదు. బావ చేను నుంచి వచ్చి వరండాలో కూలబడి, "తిరుపతయ్య పాత పల్లి కలిపిచ్చిండు" అన్నాడు. మర్నాడు అచ్చంపేట వెళ్లి, బజారులో పదిమంది ముందు ఆ మాటే ఆయన మొహం మీద అన్నాడట.

కొద్దిరోజులకు తిరుపతయ్యే మా ఇంటికి వచ్చాడు. కొట్లాటకు కాదు. బావను నెమ్మదిగానే అడిగాడు.

"నర్సిములూ, బస్తాలు ఏడ వెట్టినవో ఒకపారి సూపియ్యి. నేను ఇచ్చిననాడు పల్లి గట్ల లేకుండె."

"మా ఇంట్ల ఏడ వెట్టాల్నో మాకెరుక. నువ్వు సూడాల్సింది గది కాదు, పోయి చేను సూడు" అన్నాడు బావ.

నేను చాయ్ గ్లాసులతో గడపలో ఉన్నాను. తిరుపతయ్య నా వైపు తిరిగాడు.

"చెల్లే, నీ చేతులల్లనే పోసిన గద. పల్లి ఎట్లుండెనో నువ్వు జెప్పు. నువ్వు ఏం జెప్పినా నేను ఒప్పుకుంట."

అత్తమ్మ, అక్క, బావ, అందరూ నన్నే చూశారు. నా వెనకే వంటిల్లు. ఆ పూట కడిగిన నేల ఇంకా తడిగానే ఉంది.

"నాకేం తెల్వదన్నా. నేను సరిగ సూడలే" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు తేలికయ్యేది. "మంచిది చెల్లె" అన్నాడు. చాయ్ ముట్టలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు.

బావ మాట ఊళ్లు దాటింది. విత్తనం కోసం తిరుపతయ్య దగ్గరికి పోయేవాళ్లు తగ్గారు, తర్వాత ఎవరూ పోవడం లేదన్నారు. ఇప్పుడు ఆయన ఒక పత్తి మిల్లు దగ్గర కాపలా ఉంటున్నాడని విన్నాం. "చేసుకున్నోళ్లకు చేసుకున్నంత" అంది అత్తమ్మ. నేను పక్కనే కూర్చుని చిక్కుళ్లు తుంచుతున్నాను. తుంచుతూనే ఉన్నాను.

ఆ చలికాలంలో అందరూ చేనికి వెళ్లిన పూట డ్రమ్ము జరిపి, ఆ మూల టైల్స్ సుత్తితో పగలగొట్టాను. వాటం సరిచూసి మళ్లీ వేశాను. రోకలి చేజారి పగిలాయని చెప్పాను. నమ్మారు. ఎక్కడ అతికించానో కూడా తెలియడం లేదని బావ మళ్లీ మెచ్చుకున్నాడు. గోడ ఎండిపోయింది. ఇక ఎవరు చూసినా ఏమీ కనబడదు. దిద్దడానికి పట్టింది ఒక పూట. అంత చిన్న పనిని దాచడానికి ఒక మనిషిని అబద్ధాలకోరును చేశాను.

ఎందుకు? నన్ను కొట్టేవాళ్లు లేరు, ఇంట్లోంచి గెంటేవాళ్లు లేరు. బావ రెండు మాటలు అనేవాడు, అక్క నవ్వేది. భయపడి తెలియదన్నాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయానికి అంత తీరిక ఉండదు. ఆ రోజు ఆయన అడిగిన తర్వాత, నేను నోరు తెరిచే ముందు, నిజం చెప్తే ఆ నేల ఇక నా గొప్పతనం కాకుండా పోతుందని స్పష్టంగా అనుకున్నాను. అనుకునే చెప్పాను.

మొన్న కార్తీకంలో సోమశిలకు వెళ్తే ఏటి ఒడ్డున తిరుపతయ్య భార్య ఎదురైంది. తప్పుకుందామనుకున్నాను. ఆమే వచ్చి చేయి పట్టుకుంది. పిల్లల చదువులు అడిగింది, బావ మోకాళ్ల నొప్పులు అడిగింది. "మీ అన్న మిమ్ముల యాదిజేస్తుంటడు. నీ చేతి అన్నం మంచిగుంటదంటడు" అంది.

"ఒకపారి రాండ్రి" అన్నాను. రారని తెలిసే అన్నాను. నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు, అంతకంటే మంచి మనిషి దొరకరు. తడి చీర కొంగు పిండుకుంటూ నిలబడ్డాను. మా వాళ్లు పిలిస్తే వచ్చేశాను.

బావకు చెప్తానని మీకు మాటివ్వను. అంత ధైర్యం ఉన్నట్టు మీ ముందు నటించి ఏం లాభం? ఈ కాగితం మీద మాత్రం రాస్తున్నాను. తిరుపతయ్య ఇచ్చిన పల్లి మంచిది. నేను వేసిన నేల దాన్ని తడిపింది. అది నాకు తెలుసు. తెలిసే తెలియదన్నాను.

రాసి మళ్లీ చదివాను. కొట్టివేయలేదు.