పనికిరాదన్న పిన్ని చదువు

ఇల్లు సర్దుతుంటే తాతయ్య వాచీ దొరికింది. చేపల వేటకెళ్లే మా జాలారి ఇంట్లో పిన్ని ఒక్కతే యూనివర్సిటీలో చదివేది. పరమాణువుల కంపనాలతో కాలాన్ని కొలవడం ఆమె పరిశోధన. గడియారాలు బాగుచేస్తుందనుకుని, ఆగిపోయిన ఆ వాచీని చిన్నప్పుడు ఆమె ఒళ్లో పెట్టాను.

“టైము సూడ్డానికి ఇంత సదువేటే? కోడి కూత్తాది కదా!” అంది నాన్నమ్మ. అందరితో పాటు నేనూ నవ్వాను.

“సముద్రం మీద కోడి కూయదత్తా,” అంది పిన్ని.

ఆ యేడే ఆమె చదువు మాన్పించారు. అది పనికిమాలిన చదువని మా పేటలో ఇప్పటికీ అంటారు. నేనొప్పుకోను. జీపీఎస్ మన పడవలకు దారి చూపేది ఉపగ్రహాల్లోని పరమాణు గడియారాలను నమ్ముకునే. ఇంకా నవ్వేవాళ్లుంటే, పడవలోని ఆ జీపీఎస్ పెట్టెను ఒడ్డున వదిలేసి పొగమంచులో వేటకెళ్లి రండి.