షహజాదీ గడపలు

మొన్న వాన వెలిశాక, కాప్రాలో మా ఇంటి ముందు కారు తుడుస్తుంటే గుడ్డ కింద ఒక పొక్కు తగిలింది. వెనక చక్రం పైన, రంగు కింద, శనగగింజంత. నేను చూస్తుండగానే అది గుమ్మడికాయంత అయిందని మా ఆవిడకు చెప్పాను. ఆమె నమ్మలేదు. "కొంచెం పుట్టీ పెట్టించి రంగు వేయించండి, ఎవరికీ కనపడదు" అంది. నేను లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చి, దాని పిడితో పొక్కు మీద తట్టాను. మంచి రేకు 'టంగ్' అంటుంది, చెడిన రేకు 'డబ్' అంటుంది. ఇది 'డబ్' అంది. ఆ చప్పుడు చెవిన పడగానే తడి మట్టి వాసన ఎటో పోయి, తుప్పు పట్టకుండా పూసే రెడాక్సైడ్, అల్లం చాయ్, సిరా కలిసిన ఒక వాసన ముక్కు నిండా వచ్చింది. అది యూసుఫ్ సాబ్ వాసన.

యూసుఫ్ సాబ్ నా మొదటి యజమాని. కార్ఖానా బస్తీలో ఆయనకు పెళ్ళి కార్డుల ప్రెస్సు ఉండేది. సికింద్రాబాద్‌లో సగం సంసారాలకు మూలకారణం ఆయనేనని, మిగతా సగం వాళ్ళు కార్డులు వేయించకుండా పెళ్ళి చేసుకున్నవాళ్ళని నేను అందరికీ చెప్పేవాణ్ణి. కార్డు మీద బంగారు అక్షరాలు పడాలంటే లోహపు బ్లాకు మీద పేర్లు తిరగేసి ఉండాలి, అద్దంలో కనిపించినట్టు. ఆ బ్లాకులకు చివరి మెరుగు ఆయనే పెట్టేవారు. జీవితమంతా వధూవరుల పేర్లు వెనకనుంచి చదివిన మనిషి. ఎదురుగా వచ్చే బస్సు బోర్డు కన్నా, దాని వెనకాల అంబులెన్సు మీది తిరగేసిన అక్షరాలే ఆయనకు ముందు అర్థమయ్యేవి.

ఆయనకొక కారుండేది. నేను పుట్టకముందే పుట్టిన కారు. పేరు షహజాదీ. గుడ్లు పెద్దవి, నడుం పెద్దది, కోపం అన్నిటికన్నా పెద్దది. ఒక వానాకాలం అడుగు రేకుకు చిల్లి పడితే, ఒక షెడ్డువాడు పుట్టీతో మూసి, పైన రబ్బరు చాప పరిచి, నవ్వుతూ తాళాలు చేతిలో పెట్టాడు. ఆ వారమే యూసుఫ్ సాబ్, ఆయన భార్య జుబేదా చాచీ ఒక పెళ్ళికి బయలుదేరారు. మెట్టుగూడ దగ్గర రైలు వంతెన కింద చాచీ కాలు చాపతో సహా కిందికి దిగిపోయింది. కాలు వెనక్కి వచ్చింది, చెప్పు రాలేదు. వెనకాల వస్తున్న లారీ దాని మీదుగా పోయింది. కుట్టుపని చేసిన కొత్త చెప్పు! ఆ పెళ్ళిలో ఆమె ఒంటి చెప్పుతో నడిచారు. నా లెక్కలో ఆ రోజు వధువును చూసినవాళ్ళ కన్నా చాచీ కాళ్ళు చూసినవాళ్ళే ఎక్కువ.

ఇంటికి వచ్చి ఆమె ఒకే మాట అన్నారు: "నేల లేని బండిల నేను కూసోను. మీరు రిపేర్ చేసిన్రో, దాచిపెట్టిన్రో నాకు తెల్వాలె. తెలిసేదాంక ఆటోల వస్త."

అదే యూసుఫ్ సాబ్‌కు తగిలింది. ఆయన షికార్లన్నీ ఆ ఎడమ సీటుతోనే. చాచీ పక్కన లేకపోతే ఆయనకు గేరు కూడా పడేది కాదు, ఏ మలుపు ఎక్కడ తిరగాలో ఆమే చెప్పాలి. షహజాదీ ముందు పోతుంటే చాచీ ఆటోలో వెనక రావడం కార్ఖానా అంతా చూసింది. మూడో వీధి మలుపులో ఆటోలోంచి "ఏమండీ, లెఫ్ట్!" అని ఆమె అరవడం కూడా విన్నది.

"నేనే చేస్త" అన్నారు యూసుఫ్ సాబ్. "షెడ్డోళ్ళకు ఇయ్య. ఇంట్లనే చేస్త. రేకు కోసుడే గదా, అచ్చు కోసినోనికి రేకెంత?"

అలా నా ఆదివారాలు చచ్చిపోయాయి. ఆయన ఇంటి వాకిట్లో షహజాదీని స్టాండ్ల మీదికి ఎక్కించాం. చాప తీశాం, పుట్టీ గీకాం. కుళ్ళు అడుగు రేకుతో ఆగలేదు. తలుపు కింద పొడుగ్గా, పెట్టెలా ఉండే రేకు మడతను మేము గడప అనేవాళ్ళం. పాత బండికి బలమంతా అందులోనే ఉంటుంది. ఎడమ గడపలో స్క్రూడ్రైవర్ పెడితే పిడిదాకా దిగిపోయింది. లోపలినుంచి రాలిన తుప్పుతో ఇంకో కారు చేయొచ్చు.

వెల్డింగ్ మిషన్ కొనుక్కొచ్చారు. మొదట్లో ఆయన అతికిన రేకులకు అట్ల కన్నా ఎక్కువ చిల్లులు పడేవి. వాకిట్లో ఎగిరిన నిప్పురవ్వలు చూసి ఎదురింటివాళ్ళు ఏ పండగో కనుక్కోవడానికి మనిషిని పంపారు. యూసుఫ్ సాబ్ అద్దాలు పైకి లేపి, "ఇంకొంచెం దూరం దూరంగ కుట్లు ఎయ్యాలె శీనూ. ఒక్కదగ్గర కాలిస్తె రేకు ముడుచుకుంటది" అని మళ్ళీ మొదలుపెట్టేవారు. చెడిన ముక్క తీసి పారేయడం, కొత్త ముక్క కోయడం. విసుగన్నది ఆ ఇంటి అడ్రసు కనుక్కోలేక తిరిగి వెళ్ళిపోయి ఉంటుంది.

రేకు కోయడానికి ముందు అట్టతో కొలత తీయాలి. మాకు అట్టలకు కొదవా? అచ్చు తప్పులు పడ్డ పెళ్ళి కార్డులు ప్రెస్సులో కొండల్లా ఉండేవి. వాటిని అతికించి, గడప ఆకారానికి కత్తిరించి, రేకు మీద పెట్టి గీత గీసి, కోసి, అంచులు సుత్తితో వంచాలి. ఎడమ గడప ముక్కను యూసుఫ్ సాబ్ నన్ను ముట్టుకోనివ్వలేదు. ఎన్నో ఆదివారాలు దానిమీదే కూర్చున్నారు. అంచులు దిద్దారు, నున్నగా రుద్దారు. ఏ రాజు కిరీటానికీ అంత పని జరిగి ఉండదు.

బిగించే రోజు వచ్చింది. బండి నడుం కుంగకుండా తలుపు సందులో అడ్డంగా ఇనప కడ్డీ అతికించి, పాత గడప కోసేశాం. కొత్త ముక్క తెచ్చి పెట్టాం. లోపలికి వంగాల్సిన అంచు బయటికి వంగి ఉంది. ముందు సన్నగా ఉండాల్సింది వెనక సన్నగా ఉంది. తలకిందులు చేసి చూశాం. మేం తలకిందులై చూశాం. ఏం చేసినా అది ఎడమ గడప కాదు.

యూసుఫ్ సాబ్ అట్టను చేతిలోకి తీసుకుని చూసి, మెల్లగా తిప్పారు. చెయ్యికున్న అలవాటు! బ్లాకు కోసం కాగితం తిప్పి పెట్టినట్టే, గీత గీసేముందు అట్టను బోర్లా వేశారు. పక్కనే ఉన్న నాకూ అది తప్పుగా అనిపించలేదు. ప్రెస్సులో మేమంతా అంతే.

వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్న చాచీ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "మంది పేర్లన్ని ఉల్టా చెక్కిన చేతులు, గడప సుత ఉల్టానే చెక్కినయ్! ఇగ షహజాదీని అద్దంల చూసుకుంట నడపున్రి!"

ఆయన నవ్వలేదు. ఆ ముక్క పట్టుకుని బండి చుట్టూ తిరిగి కుడి పక్కకు వెళ్ళారు. కుడి పక్క మా గర్వం. రంగు చెదరలేదు, గీత పడలేదు. వచ్చినవాళ్ళందరికీ ఆ పక్కే చూపించేవాళ్ళం.

"సార్, అటుపక్క మంచిగనే ఉంది గదా" అన్నాను.

"మంచిగుందని ఎవరు చెప్పిన్రు నీకు? రంగు చెప్పిందా?"

మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూడ్రైవర్ పిడితో తట్టారు. డబ్. కొంచెం జరిగి తట్టారు. డబ్. ఇన్నాళ్ళూ మా ఇద్దరిలో ఒక్కరం కూడా ఆ పక్క తట్టలేదు. ఎందుకు తట్టలేదో ఇద్దరికీ తెలుసు. ఆయన స్క్రూడ్రైవర్ తిప్పి మొన పెట్టి నొక్కారు. మెరిసే రంగు చిట్లి, మొన లోపలికి పోయింది.

చాచీ నవ్వు ఆగిపోయింది. చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి వచ్చి నిలబడ్డారు. "జానే దో జీ, పోనియ్యున్రి" అన్నారు మెల్లగా. "ఆ పక్కకు జెర పుట్టీ ఏపించున్రి. నేను కూసునేది ఈ పక్కకే గదా. కూసుంట."

ఆయన గెలిచే దారి అది. ఎడమ సీటు దొరికేసింది. నేనైతే అక్కడే చేతులు కడుక్కుని బిర్యానీకి వెళ్ళేవాణ్ణి. యూసుఫ్ సాబ్ మాత్రం చేతిలోని ముక్కను కుడి గడప మీద ఆనించి చూశారు. తాళంచెవి తాళంలో పడ్డట్టు కూర్చుంది.

"ఇది తప్పు ముక్క గాదు శీనూ" అన్నారు. "ముందుగాల వచ్చింది, అంతే. కటింగ్ మిషన్ ఇటు పట్టుకరా."

కుడి పక్క అంతా కోసి అతికాక, ఎడమదానికి మళ్ళీ అట్ట కత్తిరించాం. ఈసారి ఒక కట్టుబాటు పెట్టారు: కార్డు మీది పేర్లు పైకి ఉండాలి, చదివి వినిపించాకే గీత. నేను గట్టిగా ఎవరివో వధూవరుల పేర్లు చదవడం, ఆయన నిఖాలో ఒప్పుకున్నట్టు "ఖుబూల్" అని గీత గీయడం. ఆ వాకిట్లో జరిగినన్ని పెళ్ళిళ్ళు ఏ ఫంక్షన్ హాలులోనూ జరగలేదు.

చివరికి చాచీ వచ్చి ఎడమ తలుపు తీశారు. కూర్చోలేదు. ముందు ఒక కాలు లోపల పెట్టి తొక్కారు. టంగ్! వీధి కుక్క లేచి పారిపోయింది. అప్పుడు చుట్టూ తిరిగి వెళ్ళి, కుడి పక్క కూడా తొక్కారు. టంగ్! "ఇగ పదున్రి" అన్నారు. మెట్టుగూడ వంతెన కింద బండి ఆపించి, కిటికీలోంచి తల బయటపెట్టి రోడ్డంతా వెతికారు. "ఏం చూస్తున్నవ్?" అన్నారాయన. "నా చెప్పు" అన్నారామె. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆ రోజు యూసుఫ్ సాబ్ నవ్విన నవ్వు లాలాగూడదాకా వినబడింది.

ఆయన పోయాక చాచీ షహజాదీని నాకప్పగించారు. నెలకోసారి ఎడమ సీటు ఆమెది, తొక్కి చూడకుండా ఎక్కరు. నేనిప్పుడు సొంతంగా అచ్చుపని చేయిస్తున్నాను. ప్రూఫులు దిద్దేటప్పుడు అందరూ బాగుందన్న పేజీ దగ్గరే మొదలుపెడతాను. నా పిల్లలకు అది పిచ్చి. నాకది తట్టి చూడడం.

షహజాదీకి లేచిన మొన్నటి పొక్కులోకి స్క్రూడ్రైవర్ మొన దిగిపోయింది. అవతలి వెనక చక్రం పైన కూడా తట్టాను. అటుపక్క పొక్కు లేదు, రంగు అద్దంలా ఉంది. డబ్ అంది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి "ఇప్పుడేమిటి?" అంది. చాచీకి ఫోన్ చేసి, ఈ నెల షికారు లేదన్నాను. "దాచిపెడుతున్నవా, చేస్తున్నవా?" అన్నారామె. "చేస్తున్న చాచీ." "అట్లయితె ఆటోల వస్త చూడనీకి" అని పెట్టేశారు.

బీరువాలోంచి ఒక పాత పెళ్ళి కార్డు తీశాను. ఎవరి పెళ్ళో తెలియదు. కొలతకు కత్తిరించి, కొత్త రేకు మీద పేర్లు పైకి పెట్టాను. వాకిట్లో నిలబడి గట్టిగా చదివాను. "ఖుబూల్" అని నేనే అనుకుని, గీత గీయడం మొదలుపెట్టాను.