నా జుట్టు ఎవరి పోలిక

నా జుట్టు పుట్టుకతోనే రాగిరంగు. నూనె రాస్తే కాస్త ముదురుగా కనిపించేది కానీ, ఎండలో నిలబడితే చింతపండుతో తోమిన చెంబులా మెరిసేది. మా అమ్మది నల్లటి జుట్టు. నాన్నగారిదీ అంతే. కొత్తపేట చుట్టుపక్కల మాకు తెలిసిన ఏ ఇంట్లోనూ అలాంటి జుట్టున్న మనిషి లేడు. చిన్నప్పుడు అదేదో నాకు అంటుకున్న మురికి అనుకునేదాన్ని. ఎందుకంటే అమ్మ ఎప్పుడూ దాన్ని దాచాలనే చూసేది.

ఇంట్లో మేం నలుగురం. నాన్నగారు కొత్తపేటలో ఒక ఆఫీసులో గుమాస్తా. అమ్మ, నేను, నాన్నగారి తల్లి అయిన మా మామ్మ. మామ్మకి పందొమ్మిదో ఏట భర్త పోయాడు. అప్పటికి మా మేనత్తకి మూడేళ్ళు, నాన్నగారు నెలల పిల్లాడు. ఆ రోజుల ఆచారం ప్రకారం మామ్మకి జుట్టు తీయించేశారు. తరవాత తరవాత ఊళ్ళో ఆ ఆచారం పోయినా మామ్మ మాత్రం మానలేదు. నెలకోసారి క్షవరం చేసే ఆయన పెరట్లోకి వచ్చేవాడు. మామ్మ పీట మీద కూర్చుని తల వంచేది. మిగతా రోజుల్లో తెల్లచీర కొంగు తల మీంచి జారేది కాదు.

నాకు నాలుగేళ్ళప్పుడు రామచంద్రపురం నుంచి మా మేనత్త వచ్చిందట. నాకు గుర్తు లేదు, నేను పెద్దయ్యాక అమ్మ చెప్పింది. నాన్నగారు భోజనం చేస్తున్నారు. మేనత్త నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, జుట్టు వేళ్ళతో పైకెత్తి చూసి, "ఈ జుట్టు ఎవరి పోలికే మరదలా? మీ వైపూ లేదు, మా వైపూ లేదు" అంది. నవ్వుతూనే అంది. నాన్నగారు తలెత్తలేదు. ఆ వారంలోనే తన పడక వీధిగదిలోకి మార్చుకున్నారు. అమ్మని ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పుకునేదాన్ని అనేది అమ్మ. అడగని మాటకి ఏమని జవాబు చెప్పను?

అప్పట్నుంచి అమ్మ నా తలకి ఆముదంలో కాటుక కలిపి రాయడం మొదలుపెట్టింది. రెండో తరగతిలో ఉండగా ఒకరోజు బడి వదిలే వేళకి పెద్ద వాన పట్టింది. పరుగెత్తి చూరు కిందకి చేరేసరికి మొహం మీంచి, మెడ మీంచి నల్లగా కారిపోతోంది. పిల్లలంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. టీచరమ్మగారు నన్ను గదిలోకి తీసుకెళ్ళి, తన చీర చెంగుతోనే మొహం తుడిచారు.

"ఇంత మంచి రంగు ఉంచుకుని మసి ఎందుకు పూసుకుంటున్నావమ్మా?" అన్నారు.

ఇంటికొచ్చి ఆ మాట అమ్మకి సంతోషంగా చెప్పాను. అమ్మ నా తల తుడుస్తున్న తువ్వాలు ఆపేసింది. "ఆవిడకేం తెలుసు" అంది. ఆ ఆదివారం అమలాపురం వెళ్ళి ఒక ఫ్యాన్సీ షాపులో నల్లరంగు సీసా కొనుక్కొచ్చింది.

ఇక నెలకి రెండు ఆదివారాలు పెరట్లో అదే పని. అంచు విరిగిన సాసర్లో రంగు కలిపి, పాత టూత్ బ్రష్షుతో పాయ తరవాత పాయకి పట్టించేది. ఘాటుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. చెవుల వెనక పుళ్ళు పడేవి. ఏడిస్తే అమ్మ ఊదేది కానీ ఆపేది కాదు. ఆ వాసన రాగానే నాన్నగారు చొక్కా తొడుక్కుని కాలవగట్టు మీదకి వెళ్ళిపోయేవారు. మామ్మ మాత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని మొదట్నుంచి చివరిదాకా చూసేది. ఒక్కోసారి, "అమ్మాయ్, ఆ కణతల దగ్గర వదిలేసేవు. సరిగ్గా పుయ్యి" అనేది.

నాన్నగారు నన్ను ఎప్పుడూ కసరలేదు. కొత్త పుస్తకాలు, పెన్నులు, రిబ్బన్లు తెచ్చేవారు. కాకపోతే చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవారు. పదకొండేళ్ళప్పుడు ఒక పెళ్ళికి మురమళ్ళ వెళ్తూ నన్నొక్కదాన్నే వెంట తీసుకెళ్ళారు. బస్సులో పక్క సీటాయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీ అమ్మాయాండీ?" అని అడిగాడు. నాన్నగారు కిటికీలోంచి చూస్తున్నారు. బస్సు ఒక స్టాపు దాటింది. ఆయన వినలేదేమో అనుకున్నాను. అప్పుడు, "ఆయ్" అన్నారు, మెల్లిగా. ఆ మాట కోసం నేనెంత ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నానో నాకే తెలుసు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నాన్నగారికి ఆఫీసులోనే గుండెనొప్పి వచ్చింది. కాకినాడ పెద్దాసుపత్రిలో చేర్చారు. అమ్మ ఆయన దగ్గరే ఉండిపోయింది. నేను, మామ్మ ఇంట్లో. రెండు నెలలు నా తలకి రంగు పూసేవాళ్ళు లేరు. పూసుకోవాలని నాకూ అనిపించలేదు. పాపిట దగ్గర అంగుళం మేర రాగిరంగు బయటపడింది. ఒక శనివారం చూడ్డానికి వెళ్తే, నాన్నగారు చాలాసేపు నా తలవైపే చూశారు.

"రంగు అయిపోయిందా?" అన్నారు.

"అమ్మ ఇక్కడుందిగా నాన్నగారూ."

"ఫర్వాలేదులే" అన్నారు. ఆ తరవాతి గురువారం పోయారు.

పదో రోజుకి చుట్టాలంతా వచ్చారు. మైల రోజులు కాబట్టి తలకి నూనె కూడా లేదు. నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. మేనత్త ఏడ్చి ఏడ్చి, నా వైపు తిరిగి, "చూడండి, పైన నలుపు, అడుగున అసలు రంగు. నా తమ్ముడు లోపల లోపల దీంతోనే కుమిలి పోయేడు" అంది. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు మామ్మ మూలనుంచి లేచింది. నిలబడ్డానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. తల మీంచి కొంగు తీసేసింది. అంతమందిలో ఆ బోడితలని నేను మొదటిసారి చూశాను.

"ఆ జుట్టు నాదే" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. మేనత్త, "ఊరుకోమ్మా, నీకు మతి చెడింది" అంది.

"మతి బాగానే ఉంది. కాపరానికొచ్చినప్పుడు నాకు మోకాళ్ళదాకా ఇదే రంగు జుట్టు. నీకు మూడేళ్ళు, నీకేం గుర్తుంటుంది? చూసినవాళ్ళంతా పోయేరు. మీ నాన్న పోయిన నాడు, ఎర్రజుట్టుది మొగుణ్ణి మింగేసిందని వీధిలో నిలబడి తిట్టేరే నన్ను. తీసేసేక ఆ వెంట్రుకలు నా కళ్ళ ముందే కాలవలో కలిపేరు. ఈ పిల్ల పుట్టగానే చూసి నా గుండె ఆగిపోయింది. దీనికీ ఆ మాట రాకూడదనుకున్నాను. నల్లరంగు పూస్తోంటే మంచిదే అనుకున్నాను."

అమ్మ మెల్లిగా ఇటు తిరిగింది. "ఆయనతో ఎప్పుడైనా చెప్పేరా అత్తయ్యగారూ?"

మామ్మ కూలబడిపోయింది. "అడిగేడమ్మా. ఒకసారి అడిగేడు. మన వైపు ఎవరికైనా అలాంటి జుట్టుందా అమ్మా అని. లేదురా అన్నాను."

అమ్మ ఏడవలేదు. "ఆయనకి చెప్పాల్సిందండీ" అంది. ఆ ఒక్క మాటే అంది. ఆ తరవాత కొన్ని నెలలు మామ్మకి వేళకి అన్నం పెట్టింది, మడిబట్ట ఆరేసింది, జ్వరం వస్తే కాళ్ళు పట్టింది. మాట మాత్రం మాట్లాడలేదు.

నేను రంగు వేసుకోవడం మానేశాను. సగం రాగి, సగం నలుపుగా ఉన్న తలతో కాలేజీకి వెళ్తే వెనకనుంచి నవ్వేవాళ్ళు. అద్దంలో చూసుకుంటే నాకూ కొత్తగానే ఉండేది. పద్దెనిమిదేళ్ళు వస్తున్నాయి, నా మొహం పక్కన నా జుట్టు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఒకరోజు కత్తెర తీసుకుని నలుపంతా కత్తిరించేసుకున్నాను. జుట్టు భుజాల దాకా కూడా రాలేదు. అమ్మ చీపురుతో ఆ ముక్కలన్నీ ఊడ్చింది. చేటలోకి ఎత్తి, పారబోయకుండా కాసేపు అలాగే నిలబడింది. అదంతా అమ్మ కష్టం. నన్ను నాన్నగారి కూతురిగా నిలబెట్టడానికి అమ్మ పడ్డ కష్టం. ఆ పూట నేను కత్తిరించకుండా ఉండాల్సిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

మామ్మ కూడా క్షవరం మానేసింది. నెల తిరిగి ఆయనొస్తే, "ఇంక రావద్దు బాబూ" అని పంపించేసింది. అరవై ఆరేళ్ళ వయసులో మామ్మ తల మీద జుట్టు మొలిచింది. పత్తిలా తెల్లగా, మెత్తగా. మామ్మ రోజూ పొద్దున్నే వెలుతురులో కూర్చుని నన్ను పిలిచేది.

"చూడవే, ఎక్కడైనా ఒక్క వెంట్రుక ఉందేమో ఆ రంగుది. మీ అమ్మకి చూపించాలి."

మొదటి రోజు వెతికి, లేదు మామ్మా అన్నాను. ఆ రోజు మామ్మ అన్నం తినలేదు. కొన్నాళ్ళు వెతుకుతూనే ఉన్నాను. తెలుపు తప్ప ఏమీ లేదు. చివరికి ఒకరోజు, "ఉంది మామ్మా, ఎడం చెవి వెనక, ఒక్కటే" అన్నాను.

మామ్మ మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. వంటింటివైపు తిరిగి, "అమ్మాయ్, ఒక్కసారి ఇలా వచ్చి చూడు" అని పిలిచింది. నేను అడ్డుపడేలోపే అమ్మ తడిచెయ్యి చెంగుకి తుడుచుకుంటూ వచ్చింది. మామ్మ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గర ఆ తెల్లటి జుట్టుని పాయలు పాయలుగా విడదీసి చూసింది. ఎంతసేపు చూసిందో. నా మొహంలోకి ఒకసారి చూసింది.

"ఉందండీ అత్తయ్యగారూ" అంది. "పిల్లదాని రంగే."

మామ్మ వెనక్కి చెయ్యి చాపి అమ్మ చేతిని పట్టుకుంది. అమ్మ ఆ చేతిని వదిలించుకోలేదు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తున్నా ఇద్దరూ అక్కణ్ణించి లేవలేదు.