నేను కలిపిన నాలుగు నెలలు

మా వైపు ఎండ సంగతి చెబితే మీరు నమ్మరు. ఒకసారి దంతాలపల్లి నుంచి మహబూబాబాద్ పోయే బస్సులో నా తలకు రాసుకున్న కొబ్బరినూనె కాగి, పక్కావిడ సంచిలోని ఉల్లిగడ్డలు వేగి వాసన వచ్చాయి. నేనలాంటి మనిషిని. గోరంత దొరికితే కొండంత చేసిగానీ వదలను. కానీ ఈ సంగతిలో నేను పెంచింది నాలుగు నెలలే.

హైస్కూల్లో సైన్సు చెబుతాను. నిరుడు నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తల్లిదండ్రులకు ఎకరం కౌలు, మిగతా రోజులు కూలి. వడ్లలో తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రంలో వాళ్ల నాయిన కుప్పను మూడుసార్లు వెనక్కు నెట్టారట. ఈ పిల్లకు కోపమొచ్చింది. మోటరు వైండింగు షాపులో పారేసిన మీటరొకటి తెచ్చి, రెండు మేకులు, ఒక బ్యాటరీ కలిపి, వడ్లలో గుచ్చితే తేమను బట్టి ముల్లు ఊగేలా చేసింది. ఆ ముల్లు ఊగిన రోజు నేనెంత ఎత్తు ఎగిరానంటే, క్లాసు గదికి ఇంకో అంతస్తు ఉంటే అక్కడి పిల్లలకు కూడా పాఠం చెప్పి దిగేవాణ్ణి.

హైదరాబాదులో ఒక సంస్థ వేసవిలో నెల రోజులు తొమ్మిదో తరగతి పిల్లలను పిలిచి, ల్యాబులో ఇంజనీర్ల పక్కన కూర్చోబెట్టి పని నేర్పుతుంది. దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. నేనే దరఖాస్తు పెట్టించాను. ఎంపికైంది.

"నెల దినాలు అన్నం వాళ్లే పెడ్తరా సార్?" అన్నాడు వాళ్ల నాయిన.

"పెడతరు."

"అన్నం పెట్టి సదువు సెప్తరా? గింత మంచోళ్లెవరు సార్ వాళ్లు?"

సర్టిఫికెట్ల తనిఖీ జనగామలో ఒక కాలేజీలో పెట్టారు. ముగ్గురం రైల్లో వెళ్లాం. ఆ పిల్ల దారి పొడుగునా అడిగిందే అడిగింది. అక్కడ నిజమైన మైక్రోస్కోపు ముట్టుకోనిస్తరా, పాడైతే తిడతరా అని. బల్ల దగ్గర కూర్చున్న మేడం కాగితాలన్నీ చూసి, మా బడి ఇచ్చిన బోనఫైడ్ దగ్గర ఆగింది.

"మే ఒకటో తారీఖుకు పద్నాలుగేళ్లు నిండొద్దు సార్. ఇండ్ల ఏప్రిల్ పదమూడు అని ఉంది. పాపకు పద్దెనిమిది రోజులు ఎక్కువైనయి."

"ఏప్రిల్ పదమూడా?" వాళ్ల నాయిన బల్ల మీదికి వంగాడు. "ఏందమ్మా గది? గీమె పుట్టింది వానలల్ల. వాళ్లమ్మ తల్లిగారింటికాడ, భూపాలపల్లి దవాఖానల, వాగు రోడ్డెక్కిన దినం. ఎండలల్ల ఎట్ల పుడ్తది?"

నేను పైన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడున్నాయి. మళ్లీ లెక్కపెట్టాను.

ఆ తారీఖు రాసింది నేనే. అప్పుడు వాళ్ల ఊరి ప్రాథమిక పాఠశాలకు నేనొక్కణ్ణే టీచర్ని. జూన్‌లో ఇంటింటికీ తిరిగి పిల్లలను చేర్పించాలి. బడి నిలబడడానికి ఇంకొక్క పేరు తక్కువ పడింది. ఈ పిల్లకు అయిదేళ్లు నిండడానికి రెండు నెలలు తక్కువ. ఇలాంటప్పుడు మా టీచర్లందరూ కళ్లు మూసుకుని జూన్ ఒకటి అని రాసేస్తారు. మా మండలంలో సగం మంది ఒకే రోజు పుట్టింది అందుకే. నాకది మొరటుగా తోచింది. అచ్చం నిజంలా ఉండాలని ఏప్రిల్ పదమూడు రాశాను. ఆ రాతను నేనే రెండు రోజులు మెచ్చుకున్నాను. అందరిలా జూన్ ఒకటి రాసినా ఈ పిల్ల గట్టెక్కేది.

తిరుగు రైల్లో ఒప్పుకున్నాను. "బడి కోసమే రాసిండ్రు గద సార్," అన్నాడు వాళ్ల నాయిన. తిట్టినా బాగుండేది.

సరైన కాగితం తెచ్చివ్వడానికి గడువు మూడు రోజులుంది. మర్నాడు భూపాలపల్లికి బస్సెక్కాను. దారిలో బొగ్గు లారీలు ఎన్ని ఎదురొచ్చాయంటే, దిగేసరికి నన్ను కూడా తూకమేసి అమ్ముకోవచ్చు. సాయంత్రానికి జనన ధ్రువపత్రం చేతికొచ్చింది. అందులో ఆగస్టు అని శుభ్రంగా ఉంది. ఆ మర్నాడు పొద్దున్నే మహబూబాబాద్‌లో విద్యాశాఖ ఆఫీసు తలుపులు తీసేలోపే మెట్ల మీద కూర్చున్నాను.

తెలిసిన గుమస్తా, పుట్టిన తారీఖు మార్చమన్న నా దరఖాస్తు చదివాడు. తప్పు జరగడానికి కారణం అన్న చోట 'నేనే కావాలని రాశాను' అని రాసిచ్చాను.

"అన్నా, గిట్ల రాస్తే నీకు మెమో వస్తది. పిల్లకు సీటైతే రాదు."

"రిజిస్టర్ల తారీఖు మారితే వస్తది గద?"

"మారాల్నంటే ఎంక్వైరీ గావాలె, ఆర్డర్ రావాలె. వానలు పడ్డంకనే. నువ్వు రేపటికి అడుగుతున్నవ్." దరఖాస్తు మీద ముద్ర వేసి రసీదు చేతిలో పెట్టాడు. "జర చాయ్ తాగిపో."

జనగామ మేడంకు ఫోన్ చేశాను. జనన ధ్రువపత్రం చదివి వినిపించాను. పాపం, ఆమె పూర్తిగా విన్నది. స్కూలు రికార్డుతో కలవని కాగితాన్ని తీసుకునే వీల్లేదంది. మర్నాడు సాయంత్రం అయిదింటికి ఆ సీటు వెయిటింగులో ఉన్న ఇంకొకరికి వెళ్లిపోయింది.

ఆ సంగతి చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆ పిల్ల వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. అంతా విని తలూపింది.

"వచ్చే ఏడు మళ్ల పెడదాం బిడ్డా," అన్నాను.

"వచ్చే ఏడు పదిల ఉంట గద సార్. అది తొమ్మిదోళ్లకే."

చేతికొచ్చిన నాలుగు మిరపకాయలు తీసుకుని నేనూ తొడిమలు తీయసాగాను. కాసేపటికి ఆ పిల్ల తలెత్తింది.

"మా చెల్లె తారీఖు గూడ మీరే రాసిన్రా సార్?"

"నేనే."

"ఎన్ని నెలలు?"

గుర్తులేదు.