వత్తులు సరిచేసినందుకు జీతం

బందరులో మా ఇంటి ముందుగదే నా షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు కంప్యూటర్‌లో కూర్చేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎవరైనా ఉచితంగా వాడుకోగల, మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం ఒకటి తెచ్చి వేసుకున్నాను. అందులో తెలుగు వత్తులు నిలిచేవి కావు. ‘శుభలగ్నం’ అని కొడితే న వత్తు పక్కకు జారిపోయేది. విసుగొచ్చి ఆ భాగం కోడ్ నేనే సరిచేసి, ఆ సిస్టం తయారుచేసేవాళ్లకు పంపాను. దాంతో తెలుగు అక్షరాల బాధ్యతంతా నా నెత్తిన పడింది. కొన్నేళ్లపాటు మధ్యాహ్నాలు షాపు మూసి ఆ పనే చేశాను. ఎవరూ పైసా ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

దివిసీమలో పుట్టిపెరిగిన మా అత్తగారు మాత్రం సణిగేవారు. “ఊరందరి కాలవకీ నువ్వొక్కదానివే పూడిక తీస్తావేంటే?”

ఒకరోజు హైదరాబాదు నుంచి ఒక కంపెనీ మేనేజరు ఫోన్ చేశారు. ఆ సిస్టం వేసిన కంప్యూటర్లను వాళ్లు ఆఫీసులకు అమ్ముతున్నారు. కొత్త వెర్షన్‌లో వత్తులు మళ్లీ చెదిరాయట.

“సోమవారానికల్లా సరిచేసి పంపండి మేడం. కస్టమర్లు ఊరుకోవడం లేదు.”

“చేస్తానండీ. నా పనికి ఏమిస్తారు?”

ఆయన నవ్వారు. “అది ఫ్రీ సాఫ్ట్‌వేర్ కదండీ!”

“సాఫ్ట్‌వేర్ ఫ్రీయేనండీ. నేను కాదు.”

ఫోన్ పెట్టేశాక ఆ రోజే, ఆ సిస్టం మీద పనిచేసేవాళ్లందరికీ మెయిల్ రాశాను. దీన్ని అమ్ముకునేవాళ్లు నాకు జీతమైనా ఇవ్వాలి, తమ ఇంజనీర్లనైనా పనిలోకి దింపాలి, అప్పటిదాకా ముట్టుకోనన్నాను. సేవను అమ్ముకుంటున్నావని కొందరు తిట్టారు. “అమ్ముకుంటున్నది వాళ్లు. నేనడిగింది కూలి” అని జవాబిచ్చాను.

కంపెనీ వేరేవాళ్లతో చేయించబోయి కుదరక, చివరికి ఆ మేనేజరే గుడివాడలో రైలు దిగి, బస్సు పట్టుకుని మా ఇంటికొచ్చారు. జీతం ఇస్తామన్నారు. అయితే సవరణలు తమ కంప్యూటర్లకే పరిమితం చేయాలన్నారు.

“కుదరదండీ. డబ్బిచ్చేది మీరైనా కోడ్ అందరికీ వెళ్తుంది.”

“మా డబ్బుతో మా పోటీవాళ్లు బాగుపడాలా?”

“వాళ్లు రాసింది మీరు వాడుకోవడం లేదా?”

అత్తగారిచ్చిన మజ్జిగ తాగకుండానే ఆయన వెళ్లిపోయారు. “పోతే పోనీవే” అన్నారావిడ.

కస్టమర్ల గోల ఆగకపోవడంతో, కొన్నాళ్లకు ఆ కంపెనీ నుంచి నా షరతుల మీదే ఒప్పందం వచ్చింది. వత్తులు సరిచేసి కోడ్ అందరికీ వదిలాను. పోటీ కంపెనీ ఒకటి వెంటనే వాడుకుంది. మేనేజరు ఫోన్ చేసి నొచ్చుకున్నారు.

“వాళ్లనీ జీతం అడుగుతానండీ” అన్నాను.

అడిగాను కూడా.